ఉప్పురాయి అడిగిన పాట

వదిన కావాలంటే ముందు ఒక మొగుడుండాలి. ఆ మొగుడికి కనీసం ఒక తమ్ముడో చెల్లెలో ఉండాలి. ఆమెకు ఈ రెండూ లేవు. ముప్పై ఎనిమిదేళ్ళు నిండినా పెళ్ళి ఊసెత్తితే పక్క గదిలోకి వెళ్ళి తలుపేసుకునే మనిషి. అయినా యుద్ధం సాగినన్నాళ్ళూ ఊరూ వాడా ఆమెను వదిన అనే పిలిచాయి. పళ్ళూడిన ముసలమ్మలూ పిలిచారు, బడిపిల్లలూ పిలిచారు. కూరగాయల కొట్టువాడైతే ఆమె గొంతు వినగానే తూకం మధ్యలో వదిలేసి, "వదినగారొచ్చారు, కుర్చీ వెయ్యి" అని లోపలికి కేకేసేవాడు. "ఊరందరికీ వదినవి, ఇంట్లో గిన్నెలు తోమే దగ్గర మాత్రం ఎవరికీ ఏమీ కావు" అని వాళ్ళక్క దెప్పేది. అక్క బడిపంతులమ్మ. ఎప్పుడు చూసినా నోటుపుస్తకాల దొంతర ముందేసుకుని ఎర్రసిరాతో గీతలు కొడుతూ ఉండేది. చెల్లెలి కార్యక్రమంలోనూ ఆమెకు ముందుగా తప్పులే వినిపించేవి.

అసలు ఆమె రేడియో కోసం పుట్టిన మనిషేమీ కాదు. తొమ్మిదేళ్ళు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో చెవులకు డబ్బాలు తగిలించుకుని "నంబరు చెప్పండి" అన్న రెండు మాటల మీద బతికింది. ఒకరోజు రేడియో స్టేషన్ నుంచి ఎవరో పెద్దాయన ఫోను చేసి, నంబరు చెప్పడం మానేసి, "ఇంకోసారి అనమ్మా" అన్నాడు. తిక్కమనిషి అనుకుని ఆమె లైను తీసేసింది. ఆయన మళ్ళీ చేశాడు. అలా దొరికింది ఆ ఉద్యోగం. గొంతు గొప్పదేం కాదు, కాస్త బొంగురు. కానీ ప్రతి మాట చివరా నవ్వు ఆపుకుంటున్నట్టు ఒక చిన్న విరుపు ఉండేది. నిజంగా నవ్వు ఆపుకునేదా అంటే అదీ లేదు, పుట్టుకతోనే ఆ గొంతు తీరు అంత. కొళాయిలో నీళ్ళు రావడం లేదని ఫిర్యాదు చేసినా సరసమాడినట్టే ఉండేది.

యుద్ధానికి ముందు ఆమె ఆదివారం పొద్దున్న తొమ్మిదింటికి సినిమాపాటల కార్యక్రమం నడిపేది. ఇళ్ళలో ఆడవాళ్ళు కార్డులు రాసేవారు, ఆమె చదివి పాట వేయించేది. యుద్ధం మొదలైన రెండో నెలలో పైనుంచి ఒకాయన వచ్చాడు. ఆయన హోదా ఏమిటో ఎవరికీ సరిగ్గా తెలియదు, సలహాదారు అనేవారు. మెత్తని మనిషి. గొంతు పెంచడం ఎరగడు. ఎప్పుడూ మంచి సబ్బు వాసన వేసేవాడు.

"ఇకనుంచి పాటలు సైనికులు అడుగుతారు మేడమ్," అన్నాడాయన. "మీరు వాళ్ళకి వదిన. అమ్మ గొంతు వింటే వాళ్ళకి ఏడుపొస్తుంది. భార్య గొంతు వింటే ఇంటి మీదికి గాలి మళ్ళుతుంది. వదినైతే ఆటపట్టిస్తుంది, వాళ్ళు నవ్వుతారు. నవ్వేవాడు చెప్పిన చోట నిలబడతాడు."

ఆ మాట ఆమెకు అప్పుడు తెలివైన మాటలాగే వినిపించింది. నిజంగా తెలివైనదే. ఆ మాటకున్న రోగమే అది.

సైన్యానికి ఒక నియమం ఉండేది. రేడియోలో సైనికుడి పేరూ ఊరూ చెప్పకూడదు, శత్రువు కూడా వింటాడు కదా. అందుకని కుర్రాళ్ళు కార్డు కింద ఇంట్లో పిలిచే ముద్దుపేరు రాసేవారు. దూది. బొంగరం. నత్త. బూరెబుగ్గలు. ఆ పేరు వినగానే దేశం మొత్తంలో ఒక్క ఇంట్లో మాత్రం ఎవరో ఒకరు చేతిలో గరిటె కింద పడేసి రేడియో దగ్గరికి పరిగెత్తేవారు. మిగతా దేశమంతా హాయిగా నవ్వుకునేది. "ఏం నత్తా, కవాతులో వెనకబడతావట గానీ భోజనాల గంట కొడితే ముందు నువ్వే ఉంటావట?" అని వదిన ఎగతాళి చేస్తే, మరుసటి వారం నత్త మీద వంద కార్డులు వచ్చేవి. మొదటి ఏడాది సంచులకొద్దీ వచ్చేవి. వాటిలో పది చదివేవారు.

ఆ పదీ ఏరేదీ, పెద్ద పెద్ద అక్షరాలతో తిరగరాసిచ్చేదీ ఒక ముసలి గుమాస్తా. ఆయన్ని అందరూ కామా గారనేవారు. వదిన ఎక్కడ ఊపిరి తీసుకోవాలో ముందే చూసుకుని అక్కడల్లా చిక్కుడుగింజంత కామా పెట్టేవాడు. ఆయన కామా పెట్టని చోట ఆమె ఊపిరి తీసుకునేది కాదు, పెట్టిన చోట తీసుకోకుండా ఉండలేకపోయేది. ఏడేళ్ళ అలవాటు. వంతు రాని కార్డుల్ని ఆయన పారేయనిచ్చేవాడు కాదు. చెప్పుల డబ్బాల్లో, వచ్చిన తేదీ ప్రకారం నిలబెట్టి దాచేవాడు. "పాపం, వాళ్ళ వంతు ఇంకా రాలేదమ్మా," అనేవాడు, బస్సు కోసం వరసలో నిలబడ్డవాళ్ళ గురించి చెప్పినట్టు.

కార్డుల్లో ఏముండాలో సలహాదారు చూసుకునేవాడు. వాన అన్న మాట ఉండకూడదు. బురద ఉండకూడదు. కాళ్ళ ఊసు అసలే రాకూడదు. తిండి బాగుందని, చొక్కా బిగుతయిందని, పక్క మంచం వాడు గురక పెడుతున్నాడని ఉండొచ్చు. ఒక ఆదివారం ఎవరో జోలపాట అడిగితే వేశారు. ఆ వారం ఒక దళం నుంచి పదిహేను మంది ఇళ్ళకు పారిపోయారని కబురొచ్చింది. మర్నాటి నుంచి జోలపాటల రికార్డులన్నీ బీరువాలో పెట్టి తాళం వేశారు.

రెండో ఏడాది చలికాలంలో కొండల మీద యుద్ధం ముదిరింది. సంచి చిక్కిపోయింది. ఒక వారం నాలుగు కార్డులొచ్చాయి, ఒక వారం రెండు. "పది తగ్గకూడదు మేడమ్, శత్రువు కూడా లెక్కపెడుతుంటాడు," అన్నాడు సలహాదారు. తగ్గలేదు. ప్రతి ఆదివారం ఆమె చేతికి పది కాగితాలే వచ్చాయి. ఇదివరకు ప్రతి కాగితానికీ అసలు కార్డు గుండుసూదితో గుచ్చి ఉండేది. ఇప్పుడు గుండుసూదులు లేవు. ఆమె చూసింది. చూసి కూడా అడగలేదు. ఆమెకు తెలియదని నేను చెప్పను. సగం తెలుసు. ఆ మిగతా సగం తెలియకుండా ఉండటానికి ఎంత జాగ్రత్త పడాలో అంతా పడింది.

ఆ నెల మూడో తారీకు, ఆదివారం. ఏడో కాగితం మీద ఉప్పురాయి అన్న పేరుంది. "వదినా, ఇక్కడ అన్నీ ఉన్నాయి, ఉప్పు డబ్బా మాత్రం వంటవాడు అచ్చం మా అమ్మలాగే నాకు దొరక్కుండా దాస్తున్నాడు," అని రాసి, పడవవాడు పాడే పాట ఒకటి అడిగాడు. ఆమెకు నిజంగానే నవ్వొచ్చింది. "ఉప్పురాయీ, తడిలో తిరక్కయ్యా, కరిగిపోతావు!" అంది. గాజుపలక అవతల మీటల దగ్గర కూర్చున్నతను కూడా నవ్వాడు.

మర్నాడు ఉప్పురాయి తల్లి స్టేషన్‌కు వచ్చింది.

శ్రోతల్ని వదిన కలవకూడదని సలహాదారు నియమం. "వదినకి మొహం ఉండకూడదు మేడమ్, ఉంటే ఒక్కరికే వదినవుతుంది," అనేవాడు. అందుకని వచ్చినవాళ్ళతో కామా గారు మాట్లాడేవారు. వదిన పక్కగదిలో తెర వెనక టీ తాగుతూ వినేది. తమ మీద పొగడ్తలు వినడం ఎవరికి చేదు? ఆ రోజూ అలాగే కూర్చుంది.

ఆవిడ బట్టలు కుట్టే మనిషి. మెళ్ళో కొలతల టేపు తీయడం కూడా మరిచిపోయి వచ్చేసింది. చేతిలో చిన్న రేకు డబ్బా.

"మావాడికి చేర్పిస్తారా అయ్యా? ఉప్పు. రాళ్ళుప్పే. పసివాడప్పుడు వంటింట్లో దొంగతనంగా బుగ్గన పెట్టుకుని చప్పరించేవాడు. డబ్బా ఎక్కడ దాచినా కనిపెట్టేసేవాడు. వాళ్ళ నాన్నే ఆ పేరు పెట్టాడు. మా నలుగురికి తప్ప ఇంకెవరికీ తెలియదు."

"చేర్పిస్తామమ్మా," అన్నారు కామా గారు.

"నెల కిందట తంతి ఒకటొచ్చిందండీ, పోయాడని." ఆవిడ ఆ మాట నవ్వుతూ చెప్పింది. "అందులో బడిలో రాయించిన పేరుంది, ఏదో నంబరుంది. ఆ పేరుతో మేమెప్పుడైనా పిలిచామా వాణ్ణి? ఆ పేరు గలవాళ్ళు వీధికి నలుగురుంటారు. నెలరోజులు ఏడ్చి చచ్చాను. నిన్న వదిన నోరారా ఉప్పురాయీ అని పిలిచింది. తంతిని నమ్మనా, వదినని నమ్మనా?"

తెర వెనక టీ గ్లాసు అలాగే ఉండిపోయింది.

"చిన్నాడికి కూడా పిలుపొచ్చిందండీ. ఒక ఇంట్లో ఒకడు పోతే మిగిలిన ఒక్కణ్ణీ తీసుకోరట. ఆ తంతి పట్టుకొచ్చి పదిహేనో తారీకులోగా ఇచ్చుకోమన్నారు. బతికున్న బిడ్డని పోయాడని నా చేత్తో కాగితం ఇస్తానా? ఇవ్వనన్నాను. చిన్నాణ్ణి వెళ్ళమన్నాను. ఎక్కడికి వెళ్తాడు, అన్న దగ్గరికేగా! ఇద్దరూ కలిసే వస్తారు."

ఆవిడ వెళ్ళాక వదిన బయటికొచ్చింది. కామా గారు ఉప్పు డబ్బాను రెండు చేతులతో పట్టుకుని అలాగే నిలబడి ఉన్నారు.

"ఆ కార్డు ఎప్పటిది కామా గారూ?"

ఆయన చెప్పుల డబ్బా తెరిచి చూపించారు. ఎనిమిది నెలల కిందటిది. మూలన తడిసి ఎండిన మరక. మాటలు మాత్రం ఆమె చదివినవే, ఒక్క అక్షరం కూడా మార్చలేదు.

"లేని మనిషిని ఉన్నాడని రాయడం నాకు చేతకాదమ్మా," అన్నారాయన. "అల్లి రాయమన్నాడు ఆ సలహాదారు. ముప్పై ఏళ్ళుగా ఇక్కడ గుమాస్తాని, అబద్ధం రాయలేదు. వీళ్ళయితే నిజంగా రాశారు. వంతు కోసం ఎన్నాళ్ళుగానో చూస్తున్నారు. వంతొచ్చింది కదా అని తీశాను. అంతే."

లోకంలో నిజాయితీ చేసినంత చెరుపు మోసం కూడా చేయదని నాకు ఒక్కోసారి అనిపిస్తుంది. పేరు అల్లి ఉంటే ఏ తల్లీ డబ్బా పట్టుకుని వచ్చేది కాదు.

"ఎన్ని వారాల నుంచి?"

"పదకొండు."

"ఎంతమంది?"

"ఎనభై ఆరు మంది."

ఆమె ఇంటికి నడిచి వెళ్ళింది. దారిలో దూది, బొంగరం, నత్త, ఒక్కొక్కరే చెవిలో పలికారు. తను ఎవరిని ఏమని ఏడిపించిందో వరసగా గుర్తుకొచ్చింది. ఎవడో చలికి వణుకుతున్నానని రాస్తే పెళ్ళికూతుర్ని చూసి వణికినట్టా అంది. వాడు అప్పటికి ఉన్నాడో లేడో. ఇంట్లో అక్క నోటుపుస్తకాలు దిద్దుతోంది. "ఏమైందే, మొహం అలా ఉంది?" అంటే, పీట మీద కూర్చుని ఏడ్చింది. ఆ ఏడుపులోనూ ఆ దిక్కుమాలిన విరుపు ఉండటం వల్ల చెల్లెలు నవ్వుతోందని అక్క అనుకుంది.

మంగళవారం సలహాదారు దగ్గరికి వెళ్ళింది. ఆయన ఓపిగ్గా విన్నాడు.

"ఒక్క ఇంటికి నిజం చెబితే మిగతా ఎనభై అయిదిళ్ళకీ చెప్పాలి మేడమ్. చెప్పాక ఇక మీ మాట ఎవరూ నమ్మరు. రేపు నిజంగా బతికున్నవాడు పాట అడిగినా నమ్మరు."

"ఆ రెండోవాడు పోతాడండీ."

"పోతాడని ఎవరు చెప్పారు? ఎంతోమంది తిరిగొస్తారు." ఆయన కాసేపు ఆలోచించాడు. ఆలోచించేకొద్దీ మొహం వెలిగింది. "అన్న వెనకే తమ్ముడు... బావుంది. చాలా బావుంది. వచ్చే ఆదివారం ఉప్పురాయి మళ్ళీ రాస్తాడు. 'తమ్ముడూ, నువ్వూ వస్తున్నావట, నీ కోసం చోటు ఉంచాను' అని. గుమాస్తాతో చెప్తాను, మీరు అలా ఆటపట్టిస్తూ చదవండి. దేశంలో ప్రతి తమ్ముడూ లేచి నిలబడతాడు."

సరేనండీ అని వచ్చేసింది. ఆయన ముందు కాదనే ధైర్యం ఆమెకు ఎప్పుడూ లేదు.

బుధవారం మధ్యాహ్నం పాత కార్డు చేతిసంచిలో పెట్టుకుని ఆ తల్లి ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళింది. ఒకే గది. కిటికీ పక్కన కుట్టుమిషను, దాని పైన అరలో రేడియో. పద్దెనిమిదేళ్ళ కుర్రాడు గుమ్మంలో బూట్లకు మేకులు కొట్టుకుంటున్నాడు. అతనే చిన్నాడు. బూట్లు అన్నయ్యవనుకుంటా, వేలెడు వదులున్నాయి.

రెండు రోజులుగా ఏడ్చి ఏడ్చి ఆమె గొంతు పూర్తిగా బొంగురుపోయి ఉంది. "నేను రేడియోలో వదినని అమ్మా," అంటే ఆవిడ మిషను ఆపి ఎగాదిగా చూసింది. ఆమె కార్డు తీసి చేతిలో పెట్టి, తేదీ చూపించి, తడబడుతూ అంతా చెప్పింది. మధ్యలో ఎక్కడ ఊపిరి తీసుకోవాలో ఆమెకు తెలియలేదు. ఎదురుగా కామాలు లేవు.

ఆవిడ కార్డు చూసింది. వేలితో అక్షరాలు తడిమింది. "వాడి రాతే," అంది ఆనందంగా. "మరి రాశాడుగా!"

"ఎనిమిది నెలల కిందటమ్మా. తంతి రాకముందు."

"వదిన మొన్న చెప్పింది."

"ఆ వదినని నేనే."

ఆదివారం కార్యక్రమం రికార్డును బుధవారం మూడింటికి మళ్ళీ వేసేవారు. ఆ సంగతి ఆమె మరిచిపోయింది. అరలో రేడియో గుర్రుమంది, పాట ఒకటి అయింది. ఆ తర్వాత ఆమె గొంతే, నున్నగా, నవ్వు ఆపుకుంటూ, ఆ గదిలోకి వచ్చింది. ఉప్పురాయీ, తడిలో తిరక్కయ్యా, కరిగిపోతావు!

తల్లి మొహం దీపం పెట్టినట్టయింది.

"విన్నావా? అదీ వదినంటే. ఆ గొంతు నాకు తెలియదా?" ఆవిడ లేచి నిలబడింది. "నువ్వెవరో నాకు అర్థమైందిలే. పోయాడని ఒప్పించడానికి ఆ తంతి ఆఫీసువాళ్ళు పంపిన మనిషివి. నా బిడ్డ కార్డు నీ దగ్గరికి ఎలా వచ్చింది? ఇచ్చేసి వెళ్ళు."

కార్డు ఆవిడే ఉంచుకుంది. గుమ్మం దాటుతుంటే చిన్నాడు తలెత్తి, "నిజమేనా అండీ?" అని మెల్లగా అడిగాడు. ఆమె తలూపింది. "నేను చెబితే అమ్మ వినదండీ," అన్నాడు అతను, మళ్ళీ మేకు కొడుతూ. "నేను వెళ్ళకపోతే, అన్నయ్య చచ్చిపోయాడని నేనే ఒప్పుకున్నట్టంటుంది."

ఇంటికొచ్చి అక్కకు అంతా చెప్పింది. జీవితంలో మొదటిసారి అక్క ఎర్రసిరా పక్కన పెట్టింది. "నువ్వు చెబితే నమ్మదు. ఆ రేడియో చెబితే నమ్ముతుంది," అంది. "అయితే రేడియోనే చెప్పాలి." ఎంత తేలికగా అంది! లెక్క తప్పిన పిల్లవాడికి మళ్ళీ చెయ్యమన్నట్టు.

కానీ స్టూడియోలో మీట ఉంటుంది. దారి తప్పిన మాట వస్తే పక్కనే కూర్చున్న సలహాదారు వేలెత్తుతాడు, మీటల మనిషి మీట దించుతాడు, పాట మొదలవుతుంది. ఆయన అర్థం చేసుకుని వేలెత్తే లోపల ఒక్క వాక్యం దాటుతుంది. మధ్యలో ఊపిరి తీసుకుంటే ఆ వాక్యం కూడా దాటదు.

పదో తారీకు, ఆదివారం. కామా గారు కాగితాలు తెచ్చి ఆమె ముందు పెట్టారు. ఆమెకేసి చూడలేదు. ఆరు కాగితాలు ఎప్పట్లాగే చదివింది. ఎవరో ఒకణ్ణి గుర్రప్పిల్లా అంది, ఇంకొకణ్ణి అత్తారింటి అల్లుడా అంది. ఎనభై ఏడో పేరు, ఎనభై ఎనిమిదో పేరు అని లోపల ఎవరో లెక్కపెడుతూనే ఉన్నారు. ఏడో కాగితం తీసింది. పైన సలహాదారు రాయించిన కార్డుంది, తమ్ముడూ నీ కోసం చోటు ఉంచాను అని, చక్కగా కామాలతో. దాని కింద ఇంకో కాగితం. మీద ఒకే ఒక్క వాక్యం. ఆ ముసలాయన ముప్పై ఏళ్ళ చేతిరాతలో మొదటిసారి, ఒక్క కామా కూడా లేకుండా.

ఆమె కింది కాగితాన్ని పైకి తీసింది.

"ఉప్పురాయి వాళ్ళమ్మా మొన్న నేను చదివింది ఎనిమిది నెలల నాటి పాత కార్డు మీ పెద్దాడు లేడు మీ చిన్నాణ్ణి పంపకండి."

మొత్తం దాటింది. మీటల మనిషి చెయ్యి మీట మీదే ఉంది. సలహాదారు వేలెత్తాక కూడా ఆ చెయ్యి ఒక క్షణం అలాగే ఆగింది. ఆ తర్వాత పడవవాడి పాట మొదలైంది. మీట ఎందుకు ఆలస్యమైందని తర్వాత అడిగితే, రికార్డు వెతుక్కుంటున్నానని చెప్పాడట.

ఆమెకు మాత్రం ఆ వాక్యం దాటినందుకు సంతోషం లేదు. మీ పెద్దాడు లేడు అన్నప్పుడు, ఆ లేడు చివర, నవ్వు ఆపుకుంటున్న ఆ విరుపు పడింది. పళ్ళు బిగబట్టి చదివినా పడింది. కొడుకు చావును ఆ తల్లికి తను నవ్వుతూ చెప్పినట్టయింది. చచ్చేదాకా ఆమెను వదలని సంగతి అదే.

సలహాదారు కేకలు వేయలేదు. "ఇంటికి వెళ్ళండి మేడమ్, బాగా అలిసిపోయారు," అన్నాడు. కామా గారిని మాత్రం ఆ మధ్యాహ్నమే ఇద్దరు మనుషులొచ్చి తీసుకెళ్ళారు. నాలుగు నెలల తర్వాత వదిలారు. ఆ తర్వాత ఆయన ఎవరికీ ఉత్తరం ముక్క కూడా రాయలేదు. ఆమె ఇంటి ఎదుట అరుగు మీద రోజూ ఒక కొత్త మనిషి కూర్చుని అదే పేపరు తిరగేస్తుండేవాడు.

సోమవారం పొద్దున్నే ఆ తల్లి తంతి పట్టుకెళ్ళి ఆఫీసులో ఇచ్చిందని, చిన్నాడి పేరు కొట్టేశారని అక్క కనుక్కుని వచ్చింది. ఆ రోజు అక్కాచెల్లెళ్ళిద్దరూ ఒకే కంచంలో తిన్నారు, చిన్నప్పటిలాగా.

పదిహేడో తారీకు ఆదివారం తొమ్మిదింటికి అలవాటుకొద్దీ రేడియో పెట్టారు. "మరుదులూ, బావున్నారా?" అని వదిన పలకరించింది. అదే బొంగురు. అదే విరుపు. ఎక్కడ పట్టుకొచ్చారో, ఎన్నాళ్ళు తర్ఫీదు ఇచ్చి సిద్ధంగా ఉంచారో ఎవరికీ తెలియదు. "పోయిన వారం శత్రువులు దొంగతనంగా మన పాటల మధ్యలో దూరి నా గొంతుతో ఒక తల్లిని ఏడిపించారట. నా గొంతు మీకు తెలియదూ? ఉప్పురాయి నిక్షేపంలా ఉన్నాడు," అని నవ్వు ఆపుకుంది.

అక్క, "అది నువ్వు కాదుగా?" అని అడిగింది. పక్కనే కూర్చున్న చెల్లెల్ని చూస్తూనే అడిగింది.

"కాదు."

"నీకన్నా బాగా చేస్తోందే," అంది అక్క. ఇద్దరూ నవ్వలేదు.

ఆ తల్లి అప్పుడే ఆఫీసుకు పరిగెత్తి కాగితం వెనక్కి ఇచ్చేయమని గోల చేసిందట. ఒకసారి కొట్టేసిన పేరు మళ్ళీ రాయడం వాళ్ళ వల్ల కాలేదు. గుమాస్తాల బద్ధకం మీద నాకెప్పుడూ కోపమే గానీ, ఆ ఒక్క రోజుకు దణ్ణం పెడతాను. చిన్నాడు మిగిలాడు.

యుద్ధం ఇంకో పద్నాలుగు నెలలు సాగింది. అన్నాళ్ళూ వదిన ప్రతి ఆదివారం మాట్లాడింది, పది కార్డులు తగ్గలేదు. ఆమె మాత్రం మాట్లాడటం తగ్గించుకుంది. వీధిలో నోరు విప్పితే జనం వెనక్కి తిరిగి, అదిగో ఆ దొంగగొంతు మనిషి అన్నట్టు చూసేవారు. కూరగాయల కొట్లో ఏం కావాలో వేలితో చూపించేది. కొట్టువాడు కుర్చీ వేయమని చెప్పడం ఎప్పుడో మానేశాడు. ఆదివారాలు కిటికీలన్నీ మూసుకున్నా పక్కింటి గోడలోంచి తన గొంతు వినిపించేది, తను ఎన్నడూ అనని మాటలు అంటూ. ఒక్కోసారి ఆమెకే అనుమానం వచ్చేది, అనలేదా అని.

యుద్ధం ముగిసిన ఏడాదికి, ఒక సాయంత్రం, ఆ తల్లి వచ్చింది. తిరిగి రావలసినవాళ్ళందరూ అప్పటికి వచ్చేశారు. చిన్నాడు వెంట ఉన్నాడు గానీ లోపలికి రాకుండా వీధిలోనే నిలబడ్డాడు. ఆవిడ సగానికి సగం అయిపోయింది. కూర్చోమంటే కూర్చోలేదు.

"ఒక్కటి అడిగి పోతాను. వీడూ వాళ్ళూ చెప్పేవన్నీ విన్నాను. నీ నోట వినాలి," అంది. "మా పెద్దాడు లేడని ఆ ఆదివారం చెప్పింది నువ్వా, శత్రువుల మనిషా?"

శత్రువుల మనిషే అంటే ఆవిడ బతికినన్నాళ్ళూ గుమ్మంకేసి చూస్తూ కూర్చుంటుంది. బతికున్న బిడ్డను చేజేతులా చచ్చినవాళ్ళలో రాయించానని కుమిలిపోతుంది కూడా.

"నేనేనమ్మా."

ఆవిడ తలూపింది. ఆ సంగతి ఎప్పుడో తెలిసినట్టే ఊపింది. వెళ్ళడానికి తిరిగి, గుమ్మం పట్టుకుని ఆగింది.

"మరి దాని ముందు ఆదివారం? నా ఉప్పురాయి పాట అడిగాడని, తడిలో తిరగొద్దని... అంత ముద్దుగా పిలిచిందే. అది?"

ఆమెకు తప్పించుకునే దారి ఉంది. ఆ గొంతుతో ఇద్దరు వదినలున్నారని ఇప్పుడు లోకానికంతా తెలుసు.

"అది కూడా నేనేనమ్మా."

ఆవిడ గుమ్మం మీంచి చెయ్యి తీసేసింది.

"అదైనా ఇంకెవరో అని చెప్పాల్సింది తల్లీ," అంది.